నేను మార్చిన వాక్యం

లండన్ పక్కన మా స్లౌలో, జీపీ సర్జరీ అని పిలిచే డాక్టరు క్లినిక్కి వెళ్తే, అపాయింట్‌మెంటు ఉన్నా సరే, అరగంటకి తక్కువ కాకుండా కూర్చోవాలి. ఈ మధ్య మా అమ్మాయికి దగ్గు తగ్గకపోతే తీసుకెళ్ళి అలాగే కూర్చున్నాను. రిసెప్షన్ బల్ల వెనక చిన్న రేడియో ఒకటి మోగుతోంది. అందులో ఆవిడ పేరు వినిపించింది. బాగా పెద్ద వయసులో, సొంత ఇంట్లోనే పోయిందట. నలభయ్యేళ్ళ పాటు ఈ దేశాన్ని లైటు ఆర్పనివ్వకుండా పడుకోబెట్టిన నవలా రచయిత్రి అని ఎవరో గంభీరంగా చెబుతున్నారు. తెలిసిన మనిషి పోయారంటే ఎవరికైనా దుఃఖం రావాలి. నాకు ముందు భయం వేసింది, దుఃఖం ఆ తరవాతే వచ్చింది.

"హూ ఈజ్ షి, మమ్?" అంది మా అమ్మాయి నా మొహం చూసి.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేను ఆవిడ దగ్గర టైపు చేసేదాన్ని."

"వాజ్ షి నైస్?"

నైస్ అనే మాటని ఆవిడ పక్కన ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు. ఇంతలో లోపలికి పిలిచారు కాబట్టి బతికిపోయాను.

నేను పుట్టు పిరికిదాన్ని, ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మా చీరాలలో సినిమా హాలుకి వెళ్తే సగం సినిమా చీరకొంగు వెనక నుంచి చూసేదాన్ని. అలాంటిదాన్ని, జనాన్ని భయపెట్టడమే వృత్తిగా పెట్టుకున్న మనిషి ఇంట్లో పనికి చేరానంటే దానికి కారణం మా ఊరి టైపు ఇన్‌స్టిట్యూటే. అక్కడ లోయరూ హయ్యరూ రెండూ పాసయ్యాను. పెళ్ళయి, మా ఆయన ఉద్యోగం కోసం స్లౌ వచ్చి, ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఒక కార్డు కనిపించింది. టైపిస్టు కావాలి, గట్టిగా చదవగలగాలి అని రాసి ఉంది. ఎవరి ఇల్లో తెలియకుండానే ఫోను చేశాను.

బస్సులో ఇరవై నిమిషాలు వెళ్ళి, నది ఒడ్డున ఉన్న ఒక సందు దగ్గర దిగాలి. నేను బెల్లు నొక్కక ముందే తలుపు తెరుచుకుంది. బాగా పొడుగు మనిషి. మెళ్ళో తాడుకి రెండు కళ్ళజోళ్ళు వేళ్ళాడుతున్నాయి కానీ ఏదీ పెట్టుకోలేదు. నన్ను చూడ్డానికి మొహం పక్కకి తిప్పుకుంది. కళ్ళ మధ్య భాగం పోయిందనీ, అంచుల్లోంచి నీడల్లాగా మాత్రం మనుషులు కనిపిస్తారనీ తరవాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం నా వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారనీ, ఆవిడ వాళ్ళనే చూస్తోందనీ అనిపించి వెనక్కి తిరిగి చూశాను.

ఒక కాగితం చేతికిచ్చి చదవమంది. చీరాల ఇంగ్లీషులో చదివేశాను. ఆవిడ చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

"నీకు ముందు వచ్చిన ముగ్గురూ నటించారు. నువ్వు కరెంటు బిల్లు చదివినట్టు చదివావు. సోమవారం నించి రా," అంది. అది మెప్పో తిట్టో అడగడానికి ధైర్యం చాల్లేదు.

మొదటి రోజు గాజులు కీబోర్డుకి తగిలి చప్పుడవుతుంటే తీసి పక్కన పెట్టాను. వెంటనే తల ఎత్తింది. "అవి వేసుకో. నువ్వు ఎక్కడున్నావో నాకు తెలియాలి." ఆ తరవాత ఎన్నిసార్లో, వాక్యం మధ్యలో ఆగిపోయి, "ఉన్నావా?" అని అడిగేది. చెయ్యి ఆడించి గాజులు గలగలలాడించేదాన్ని. అప్పుడు మిగతా సగం వాక్యం వచ్చేది.

ఆవిడ పని పద్ధతి ఇలా ఉండేది. చెప్పేటప్పుడు కామా, ఫుల్‌స్టాప్ అని నోటితో అనేది కాదు. కామాకి వేలి కణుపుతో బల్ల మీద ఒక దెబ్బ, ఫుల్‌స్టాప్‌కి అరచేత్తో ఒక చరుపు. పేరా అయిపోగానే "చదువు" అనేది. నేను చదువుతుంటే మళ్ళీ అవే దెబ్బలు, ఇప్పుడు నా వెంట కాదు, నాకంటే అర క్షణం ముందు. నేను ఎక్కడైనా కామా మింగితే ఆ దెబ్బ ఒంటరిగా వినపడేది. శుక్రవారం నాడు ఆ వారం పేజీలు అచ్చు తీసి, కవరులో పెట్టి, సందు చివర ఎర్ర డబ్బాలో వేసి ఇంటికి వెళ్ళాలి. అవి లండన్‌లో ఉన్న పబ్లిషరుకి చేరేవి. నా కళ్ళు తప్ప ఆ పేజీల మీద ఆ ఇంట్లో వేరే కళ్ళు పడవు.

కప్పులో టీ ఎంత నిండిందో తెలుసుకోవడానికి అంచు మీద వేలు పెట్టుకుని పోసుకునేది. రోజూ కాలేది, రోజూ తిట్టుకునేది, నన్ను పొయ్యనిచ్చేది కాదు. అభిమానుల ఉత్తరాలు చదివించుకుని "ఇతను నిజంగా భయపడలేదు, భయపడ్డానని చెప్పుకోవడం ఇతనికి సరదా" అని తేల్చేసేది. అరుపులూ నెత్తురూ ఆవిడ పుస్తకాల్లో ఉండవు. "అరిచేవాడికి సగం భయం పోయినట్టే. నాకు అరవలేనివాడు కావాలి," అనేది.

అప్పుడప్పుడు ఉన్నట్టుండి, "వెనక తలుపు గడియ పెట్టి ఉందో లేదో చూసి రా," అనేది. పొడుగాటి చీకటి వసారా అది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్ళి, గడియ చూసి, పరుగులాంటి నడకతో వచ్చేదాన్ని. నాలుగోసారో ఐదోసారో అలా వచ్చి కూర్చున్నాక ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. నవల్లో ఒకావిడ గడియ చూడ్డానికి వెళ్తుంది. వెళ్ళేటప్పుడు అడుగులు లెక్కపెట్టుకున్నట్టు నెమ్మదిగా, వచ్చేటప్పుడు గోడ రాసుకుంటూ గబగబా. నా అడుగులే! చెవులతో దొంగిలించింది. నాకు ఒళ్ళు మండింది కానీ టైపు చేశాను. చేస్తూ ఉంటే నాకే వెన్నులో వణుకు పుట్టింది.

ఒకరోజు అల్లం బిస్కట్టు నములుతూ, తను కూడా టైపిస్టునేనని చెప్పింది. వయసులో ఉన్నప్పుడు ఒక లాయరు ఆఫీసులో ఎనిమిదేళ్ళు వీలునామాలు టైపు చేసిందట. మొదటి నవల ఆ ఆఫీసు మిషను మీదే, మధ్యాహ్నం భోజనం మానేసి కొట్టిందట.

"వీలునామాలో ఒక్క మాట మారితే ఒకరి ఇల్లు ఇంకొకరిదవుతుంది. చచ్చిపోయినవాడు లేచొచ్చి సరిచెయ్యలేడు. ఎనిమిదేళ్ళలో నేను ఒక్క కామా మార్చలేదు, అమ్మాయ్." నన్ను హెచ్చరించడానికి చెప్పిన మాట కాదది. గర్వంగా చెప్పుకుంది, అంతే.

ఆ చలికాలం మొదలవక ముందే నాకు మళ్ళీ నెల తప్పింది. అంతకు ముందు ఏడాది ఒకటి పోయింది. అందుకని ఈసారి ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదని అనుకున్నాం. మా ఆయనకి, మా అమ్మకి తప్ప తెలియదు. ఫోనులో ఎప్పుడైనా నేను "ఈసారి కూడా ఏమన్నా అయితే..." అని మొదలుపెట్టానా, మా అమ్మ అక్కడి నించే నా నోరు నొక్కేసేది.

"నోటెంట అట్టాంటి మాట రానియ్యబాకే తల్లా. సందేళప్పుడు అసలే అనబాక. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నువ్వేదంటే దానికి తథాస్తంటారు."

ఎమ్మెస్సీ చదివినదాన్ని. నవ్వేదాన్ని. కానీ ఆ మాట మళ్ళీ అనేదాన్ని కాదు. పైగా ఈ దేశంలో చలికాలం సందేళ మూడున్నరకే మొదలవుతుంది. ఆ దేవతలకి ఇక్కడ ఎంత తీరికో తలుచుకుంటేనే గుబులుగా ఉండేది.

నాలుగో నెలలో ఒక శుక్రవారం. నవల్లో, చిత్తడి నేలల మధ్య ఒంటరి ఇల్లు. ఒకావిడకి పురుడు వస్తోంది. ఆవిడ కళ్ళు మూసుకుని, మెల్లగా చెప్పుకుపోతోంది.

"బిడ్డ బయటికి వచ్చింది." చరుపు.

కొట్టాను.

"బిడ్డ ఏడవలేదు." చరుపు. "ఎవరూ కదల్లేదు." చరుపు.

కిటికీలో వెలుగు తగ్గిపోతోంది. నా వేళ్ళు కీబోర్డు మీద బిగుసుకుపోయాయి. నా చేత్తో, నేను, కడుపులో బిడ్డని పెట్టుకుని ఆ మాట రాయాలి. రాశాక దాన్ని గట్టిగా చదవాలి. నా వేళ్ళు కదిలాయి. ఆవిడ ఇంగ్లీషులో చెప్పిన ఐదు మాటల బదులు మూడే మాటల్లో, బిడ్డ ఏడ్చింది అని కొట్టాయి. అవే కొట్టాయని చెప్పుకుంటున్నాను కానీ, కొట్టింది నేనే.

ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది. "చదువు."

"కడుపులో తిప్పుతోంది మేడమ్. ఇవాళ్టికి వెళ్తాను." అది అబద్ధం కూడా కాదు.

"సరే. కవరు పోస్టు చేసి వెళ్ళు," అంది.

ఎర్ర డబ్బా నోట్లో కవరు సగం దాకా దూర్చాను. వదల్లేకపోయాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. ఆఖరికి కవరు ఇంటికి తెచ్చి వంటింట్లో బియ్యం బస్తా కింద పెట్టాను. మర్నాడు బియ్యం తీయబోయి మా ఆయన చూడనే చూశాడు.

"ఇదేంటి, పోస్టు చెయ్యలా?"

జరిగింది చెప్పాను. ఆయన నవ్వాడు. నన్ను తేలిక చెయ్యాలనే నవ్వాడు. "దీనికింత టెన్షనా? ఒక్క లైనేగా. ఎడిటర్ అనేవాడు ఉంటాడు, వాడు చూసుకుంటాడు. అయినా ఆమెకి కనపడదుగా!"

నా గుండెలో గుచ్చుకున్నది ఆ చివరి మాటే. ఒక గుడ్డి మనిషి కంచంలో చెయ్యి పెట్టినట్టు సిగ్గుపడ్డాను. ఆ రెండు రోజులూ ఒక వైపు ఈ సిగ్గు, ఇంకో వైపు ఆ వాక్యం. దాన్ని మళ్ళీ మామూలుగా మార్చాలంటే నేనే కొట్టాలి, నేనే చదవాలి. పొట్ట మీద చెయ్యి తియ్యకుండా పడుకున్నాను. ఏ చిన్న నొప్పి వచ్చినా అయిపోయిందనుకున్నాను.

సోమవారం కవరు పట్టుకుని వెళ్ళాను. ఆవిడ శుక్రవారం కూర్చున్న కుర్చీలోనే ఉంది.

"పోస్టు చేశావా?"

"లేదు."

మొత్తం చెప్పేశాను. మార్చిన వాక్యం, కడుపు, పోయిన బిడ్డ, తథాస్తు దేవతలు, అన్నీ. ఏడుస్తూ చెప్పాను. ఆవిడ మొహంలో ఏమీ మారలేదు.

"స్పేస్ బారు నాలుగుసార్లు మోగాల్సిన చోట రెండుసార్లే మోగింది," అంది. "శుక్రవారమే తెలుసు నాకు. చదువుతావేమోనని చూశాను. చదవలేదు." గొంతు తగ్గించింది. "రెండు రోజుల నించీ ఒకటే ఆలోచన. ఇదొక్కటేనా, ఇంకా ఎన్ని మార్చింది? నా పుస్తకంలో ఇప్పుడేముంది? నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు. భయపెట్టడం నాకు బాగా వచ్చనుకున్నాను అమ్మాయ్. నాకు దాని గురించి ఏమీ తెలియదు."

నేను ఆవిడని చూసి భయపడటమే తప్ప, ఆవిడ నన్ను చూసి భయపడగలదని నాకు ఎన్నడూ తట్టలేదు. పని పోతుందన్న దిగులు నాకు ఆ క్షణంలోనే పోయింది. అంతకంటే పెద్ద తప్పు చేశానని అర్థమైంది.

"ఇంకేదీ మార్చలేదు మేడమ్. ఒట్టు."

"ఒట్టు నాకు వినపడుతుంది, కనపడదు. మొదటి పేజీ నించి చదువు."

చదివాను. నూట యాభైకి పైన పేజీలు. ఆవిడ ముందుకి వంగి కూర్చుంది. కణుపు దెబ్బ, అరచెయ్యి చరుపు, కణుపు దెబ్బ. ఒక్కటీ ఒంటరిగా పడలేదు. మధ్యాహ్నం ఇద్దరం ఏమీ తినలేదు. నా గొంతు బొంగురుపోయింది. పేజీలు తరుగుతున్న కొద్దీ కిటికీ నల్లబడుతోంది. ఆ వాక్యం సరిగ్గా సందేళకే వచ్చేట్టుంది. తొందరగా చదివితే వెలుతురుండగా దాటొచ్చని వేగం పెంచాను. "నెమ్మదిగా," అంది.

బిడ్డ బయటికి వచ్చింది, అని చదివి ఆగాను.

"ఇక్కడ ఏముంది?"

"ఏడ్చిందని ఉంది."

"కొట్టెయ్."

కొట్టేశాను. స్క్రీను మీద ఆ చోటు ఖాళీ అయింది.

"ఇంతకు ముందు పోయిందన్నావే. ఎలా తెలిసింది నీకు?"

ఆ సంగతి నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. "స్కాన్ గదిలో. ఆమె మిషను సౌండు పెంచింది. ఏమీ వినపడలేదు."

"ఎవరన్నా కదిలారా?"

"లేదు. ఎవరూ కదల్లేదు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాకే తెలిసింది. అది ఆవిడ రాసిన తరవాతి వాక్యమే.

"ఈ బిడ్డని నీ కోసం బతికించమంటే బతికిస్తాను," అంది ఆవిడ. "కానీ ఆ గదిలో నువ్వు పడుకుని ఉన్నావే, ఆ నువ్వు ఈ పుస్తకం తెరిస్తే, నీకు ఇందులో ఏమీ ఉండదు."

"నిజం కాదని అనడంలేదు మేడమ్. నిజమైనదని తెలిసే, కొట్టలేకపోతున్నాను."

"పెన్సిలు ఇవ్వు. దాన్ని నేను రాస్తాను. అది ఎవరి చేతిరాతో మీ దేవతలకి తెలియాలి."

కాగితం పెట్టి, పెన్సిలు వేళ్ళ మధ్య పెట్టాను. ఏళ్ళ తరబడి సంతకం తప్ప ఏమీ రాయని చెయ్యి. నొక్కి పట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. రెండో మాట మొదటి మాట మీద పడింది. మూడోది వాటి మీద.

"చదవగలిగేలా ఉందా?"

ఉందని అనొచ్చు. ఆ నల్లటి చిక్కుని కవరులో పెట్టేసి, ఇక నా బాధ్యత లేదనుకోవచ్చు. ఆమెకి కనపడదుగా అన్న మాట చెవిలో మోగింది.

"లేదు మేడమ్. ఒకదాని మీద ఒకటి పడ్డాయి."

ఇంకో కాగితం అడిగింది. ఈసారి మాటలు ఎడం ఎడంగా రాయబోయింది. గీత కాగితం దాటి బల్ల చెక్క మీదకి పోయింది. ఆవిడ ఆ సంగతి తెలియకుండా చెక్క మీద రాస్తూనే ఉంది, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, స్కూలు పిల్లలా. నేనిక చూడలేకపోయాను. ఆవిడ చేతిలోంచి పెన్సిలు తీసుకుని కీబోర్డు ముందు కూర్చున్నాను.

బిడ్డ ఏడవలేదు. స్పేస్ బారు నాలుగుసార్లు మోగింది. బయట పూర్తిగా సందేళ. గట్టిగా చదివాను. కరెంటు బిల్లు చదివినట్టు చదవడం మాత్రం ఆ ఒక్కసారీ చేతకాలేదు.

ఫుల్‌స్టాప్ దగ్గర ఆవిడ అరచెయ్యి పైకి లేచింది. బల్ల మీద చరవలేదు. చాలాసేపటికి చప్పుడు లేకుండా ఆనించింది.

"లైటు వెయ్యి," అంది. ఆ లైటుతో ఆవిడకి పనే లేదు.

ఎనిమిదో నెల దాకా పనికి వెళ్ళాను. ఆ వాక్యం గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. కానీ ఐదో నెల నించీ రోజూ పొద్దున నేను కోటు విప్పకుండానే "కదిలిందా?" అని అడిగేది. కదిలిందంటే సరే, లేదంటే పని మొదలుపెట్టేది కాదు. టీ తాగించి, పక్కకి తిరిగి పడుకోమని, కదిలేదాకా పక్కనే కుర్చీలో కూర్చునేది. నాకు లోపల్లోపల కోపంగా ఉండేది. అడుగులు దొంగిలించింది చాలక ఇప్పుడు నా కడుపు మీద పడింది, ఇదీ ఏ నవల్లోకో పోతుంది అనుకునేదాన్ని. మనసులో ఎంత తిట్టుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే తల వంచుకోవాలనిపిస్తుంది.

ఎండాకాలం మొదట్లో అమ్మాయి పుట్టింది. పుట్టిన మర్నాడు వార్డులోంచి ఆవిడకి ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. పలకరింపు లేదు, పిల్లో పిల్లాడో అని లేదు.

"ఏడ్చిందా?"

"ఏడ్చింది మేడమ్. పుట్టగానే."

"నువ్వు విన్నావా, ఎవరన్నా చెప్పారా?"

"నేనే విన్నాను."

"నాకు వినిపించు."

"ఇప్పుడే నిద్రపోయింది మేడమ్."

"లేపు."

నవ్వబోయి ఆగాను. అంతమందిని అంత తాపీగా చంపుతూ చెప్పుకుపోయిన ఆ గొంతు వణుకుతోంది. "లేపు, అమ్మాయ్. నాకు కనపడదు. దయచేసి లేపు."

ఒళ్ళో పడుకున్న పిల్ల అరికాలి మీద వేలితో చిన్నగా కొట్టాను. కదల్లేదు. ఫోనులో ఆవిడ ఊపిరి బిగబట్టింది. ఇంకొంచెం గట్టిగా కొట్టాను. పిల్ల మొహం ఎర్రగా చేసుకుని, వార్డంతా తిరిగి చూసేట్టు కేరుమంది. ఫోను దాని నోటి దగ్గర పెట్టాను. ఏడుపు తగ్గేదాకా అక్కడే ఉంచాను. తరవాత నా చెవి దగ్గర పెట్టుకుంటే, అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినపడింది.

"చాలు. దాన్ని పడుకోబెట్టు," అంది ఆఖరికి. "నేనూ పడుకుంటాను. ఆ సోమవారం నించి సరిగ్గా నిద్రపోలేదు."

గోడ గడియారంలో అప్పుడు పొద్దున పదిన్నర.